నల్లగొండలో ఉండి రొమాంటిక్ సస్పెన్స్ రాయొచ్చా? నా అనుభవం

మీరు అడిగింది ఇదీ: మీది మిర్యాలగూడ. ప్రేమ, సస్పెన్స్ కలిసిన నవల రాయాలని ఉంది. కానీ "మా దగ్గర ఏం జరగదు, కథను హైదరాబాద్‌లోనో అమెరికాలోనో పెట్టాలేమో" అని సందేహం. ఇలాంటివి రాసేవాళ్లకు ఆలోచనలు ఎక్కడ దొరుకుతాయి, ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ ఎప్పుడు రాస్తారు అని కూడా అడిగారు.

నేను నల్లగొండలో దస్తావేజులు రాసే ఆఫీసులో పనిచేస్తాను. కొన్నేళ్లుగా ఒక యాప్‌లో సీరియళ్లు రాస్తున్నాను, అన్నీ ఈ రకమే. కథను ఎక్కడికీ తీసుకుపోకండి అన్నది నా మొదటి మాట. మీరు రోజూ నడిచే రోడ్డు మీద భయం పుట్టించడం మీకు వచ్చినట్టు ఇంకెవరికీ రాదు.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఒకసారి చూసింది చెబుతాను. మా దగ్గర దస్తావేజు రాయించుకున్నవాళ్ల కాగితాలు పట్టుకుని వేలిముద్ర మిషన్ దగ్గర లైన్‌లో ఉన్నాను. నా ముందు ఒక ముసలమ్మ. ఏళ్ల తరబడి పత్తి ఏరిన చేతులు, బొటనవేలి గీతలు అరిగిపోయి ముద్ర పడటం లేదు. పక్కనున్న యువకుడు ఆమె చేయి తన చేతిలోకి తీసుకుని, తడి కర్చీఫ్‌తో ఆ వేలిని మెల్లగా తుడిచాడు. ఆరేదాకా ఊదాడు. అద్దం మీద పెట్టి పైనుంచి తన వేలితో నొక్కి పట్టాడు. పడలేదు. మళ్లీ తుడిచాడు. ఎక్కడా విసుక్కోలేదు. ఆమె మాత్రం ఒక్కసారి కూడా అతని మొహం చూడలేదు, కంప్యూటర్ వైపే చూస్తూ నిలబడింది. అతను కడుపులో పెట్టుకుని చూసుకునే మనవడా, ఉన్న రెండెకరాల కోసం వెంట తిరుగుతున్నవాడా? నేను నిలబడ్డ చోటు నుంచి తెలియదు. అలా నొక్కి పట్టడం ఇద్దరూ చేసే పనే.

రొమాంటిక్ సస్పెన్స్ అక్కడే పుడుతుందని నా గట్టి నమ్మకం. దానికి శవం అక్కర్లేదు, కత్తి అక్కర్లేదు. ఒకే పని చూసేవాళ్లకు ప్రేమలాగా ఉండాలి, ప్రమాదంలాగానూ ఉండాలి. రాత్రి పదకొండు దాటాక హీరో, హీరోయిన్ ఉండే హాస్టల్ ఎదురుగా బండి ఆపుకుని నిలబడ్డాడు. కాపలానా, నిఘానా? ఆమె ఫోన్ అడిగి తీసుకుని సిమ్ విరిచేశాడు. ఎవరికి దొరకకుండా? చాలామంది ఒక సీన్ ప్రేమ, ఒక సీన్ సస్పెన్స్ మార్చి మార్చి రాస్తారు. అప్పుడు చదివేవాళ్లు తమకు నచ్చనిదాన్ని దాటేసి నచ్చింది చదువుకుంటారు. రెండూ ఒకే సీన్‌లో ఉంటే దాటడానికి వీలుండదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. అనుమానం తీరాక అతను చేసింది నిజంగా తప్పేనని తేలితే, దాన్ని "ప్రేమతో చేశాడులే" అని సర్దిచెప్పకండి. వెంటపడటాన్ని ప్రేమ అని చూపించిన కథలు మనకు చాలానే వచ్చాయి, వాటి ఫలితం అమ్మాయిలు అనుభవించారు. ఈ విషయంలో నేను రాజీపడను.

ఆఫీసులో కళ్లముందు నడిచిన కేసును కథ చేయడం కూడా నాకు సమ్మతం కాదు. జనం మన మీద నమ్మకంతో కాగితాలు చేతిలో పెడతారు. పేరు, ఊరు, సర్వే నంబరు, అన్నదమ్ముల గొడవ అక్కడే వదిలేసి రావాలి. నేను తెచ్చుకునేది ఆ చేయి పట్టుకున్న తీరు ఒక్కటే. నా సీరియల్‌లో అది ఆసుపత్రి మంచం మీద, సెలైన్ సూది గుచ్చి ఉన్న చేయిగా మారింది.

ఇక "మా దగ్గర ఏం జరగదు" అన్నదాని గురించి. మన దగ్గర భూమి ఉంది, అది చాలదా? తాతల కాలంలో రిజిస్ట్రేషన్ లేకుండా భూమి కొని తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామా ఒక ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున ఉంటుంది. పట్టా పాసుపుస్తకం ఇంకో ఇంట్లో ఉంటుంది. రెండిళ్లవాళ్లూ ఆ చెలక మాదే అని నమ్ముతారు, ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. ఆ రెండిళ్ల పిల్లలు ప్రేమించుకుంటే విలన్‌ను వేరే వెతకాల్సిన పని ఉండదు.

చోట్లు కూడా కథలు ఇస్తాయి. నల్లగొండ పక్కనున్న పానగల్లు మీకు దూరమేం కాదు, ఛాయా సోమేశ్వరాలయం ఒకసారి తీరిగ్గా చూడండి. కుందూరు చోళుల కాలం గుడి. పగలంతా శివలింగం మీద ఒక స్తంభం నీడ పడి ఉంటుంది. సూర్యుడు ఎంత జరిగినా ఆ నీడ జరగదు. ఎదురుగా ఉన్న స్తంభాలను ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చినా ఇది ఫలానా దాని నీడ అని వేలు పెట్టి చూపించలేం. వెలుతురు చెదిరి లోపలికి వచ్చే దారి, స్తంభాలు నిలిపిన తీరు కలిసి అలా చేస్తాయని సైన్సు తెలిసినవాళ్లు వివరించారు. ఆ వివరణ తెలుసుకున్న తర్వాత నేను మళ్లీ వెళ్లాను. ముందుకంటే ఎక్కువసేపు కూర్చున్నాను. నా నవలలో గుట్టు విప్పే చాప్టర్ రాసేటప్పుడు ఆ గుడే మనసులో పెట్టుకుంటాను. కారణం తెలిశాక చదివేవాళ్లు "ఓహో ఇంతేనా" అని పుస్తకం మూసేయకూడదు. వెనక్కి వెళ్లి అతను ఆమె వైపు చూసిన మొదటి చూపును మళ్లీ చదువుకోవాలనిపించాలి.

కొల్లాపూర్ వైపు సోమశిల ఇంకో రకం. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగే సంగమేశ్వరం గుడి కృష్ణకు అవతలి ఒడ్డున, ఆంధ్ర వైపు ఉంది. వేసవిలో నీటిమట్టం తగ్గితే బయటపడుతుంది, వరద వస్తే మళ్లీ మునుగుతుంది. సస్పెన్స్‌కు గడువు కావాలి కదా. ఆ గడువు పెట్టేది విలన్ కాకుండా కృష్ణ అయితే ఎలా ఉంటుందో ఆలోచించండి. గుడి మెట్ల దగ్గర దాచింది వాన పడేలోపు తీసుకోవాలి, పడవ నడిపేవాడికి ఆ సంగతి తెలుసు, హీరోయిన్‌కు ఆ పడవవాడంటే ఇష్టం. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చూసే ఉంటారు. 2018లో ఆ చెట్టుకు చెదలు పడితే కొమ్మలకు వరసగా సెలైన్ సీసాలు కట్టి బొట్టుబొట్టుగా మందు ఎక్కించారు. ఆ ఫొటో నా ఫోన్‌లో ఇప్పటికీ ఉంది. దానికి తగిన కథ ఇంకా దొరకలేదు, దొరికేదాకా ఉంచుకుంటాను.

వలస నాకు అన్నిటికంటే దగ్గరి విషయం. మా అమ్మ పుట్టిల్లు పాలమూరు వైపు. నారాయణపేట నుంచి ముంబై బస్సెక్కినవాళ్లలో పండక్కి తిరిగొచ్చినవాళ్లున్నారు, ఫోన్ ఆగిపోయినవాళ్లూ ఉన్నారు. మనిషి ఏడేళ్లపాటు అయినవాళ్లకు ఏ ఆచూకీ లేకపోతే చనిపోయినట్టు భావించడానికి చట్టంలో వీలుంది. దాని మీద కోర్టుకు వెళ్లిన భార్య, ఆమెకు ఆ కాగితాల పనిలో తోడున్న మనిషి, వాళ్ల మధ్య మెల్లగా పెరిగిన ఇష్టం. అంతలో ముంబై నుంచి ఒక మిస్డ్ కాల్. ఇది ఇక్కడే పుట్టాల్సిన కథ.

చట్టం అన్నాను కాబట్టి, పోలీసు వివరాలు సరిచూసుకోండి. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఆ తర్వాత జరిగే కథలో ఎస్సై "302 కేసు" అంటే చదివే లాయర్లకు గుచ్చుకుంటుంది. హత్యకు ఇప్పుడు 103. పోస్ట్‌మార్టం కూడా అంతే. సౌకర్యాలున్న ఆసుపత్రుల్లో సూర్యాస్తమయం తర్వాత చేయొచ్చని 2021లో కేంద్రం చెప్పింది. కానీ హత్య, ఆత్మహత్య, అనుమానాస్పద మరణాల్లాంటివి మామూలుగా తెల్లారేదాకా ఆగాల్సిందే. అంటే మీ హీరోయిన్‌కు ఒక రాత్రి చేతిలో ఉంది. ఆ రాత్రి ఆమె ఎవరి ఇంటి తలుపు తడుతుందన్నదే ఒక నవల.

రాసే టైమ్ అడిగారు. తెల్లవారుజామున నల్లా నీళ్లు వచ్చేలోపు రాస్తాను, ఫోన్‌లోనే. ఆఫీసులో ఒక రిజిస్ట్రేషన్ స్లాట్‌కు, ఇంకో స్లాట్‌కు మధ్య ఖాళీ దొరికితే కొత్తగా రాయను, ఉదయం రాసింది దిద్దుకుంటాను. బతుకమ్మ మొదలైతే దసరా దాకా ఇల్లంతా ఆడబిడ్డలు, పిల్లలు. ఆ రోజుల కోసం భాగాలు ముందే రాసి పెట్టుకుంటాను. డబ్బు వస్తుంది, ఉద్యోగం మానేసేంత కాదు.

నా మొదటి శ్రోత మా అత్తమ్మ. రాత్రి అన్నాలయ్యాక ఆ రోజు రాసింది చదివి వినిపిస్తాను. "గా పిలగాడే చేసిండు, నువ్వెంత తిప్పినా నాకెరుకే" అంటుంది. ఆమె సరిగ్గా పట్టుకున్నా నేను దోషిని మార్చను. ఏ మాట దగ్గర పట్టుకుందో అడిగి, ఆ మాటను ఇంకాస్త ముందుకో వెనక్కో జరుపుతాను. యాప్‌లో కామెంట్లకూ ఇదే పద్ధతి. "ఇద్దర్నీ తొందరగా కలపండి" అని రోజూ అడుగుతారు. వాళ్ల ఆత్రం నాకు బలం. కానీ కథ దిశ మార్చితే, మొదటి నుంచి ఆధారాలు జాగ్రత్తగా గుర్తుపెట్టుకుంటూ వచ్చిన పాఠకులకు అన్యాయం చేసినట్టే.

ఆ పాఠకులు ఎలా ఉంటారో నాకు మా అమ్మ వల్ల తెలుసు. వారపత్రికల్లో సీరియల్ పేజీలు చించి, దబ్బనంతో కుట్టి పుస్తకం చేసుకునేది. ఎప్పుడైనా ఒక వారం సంచిక దొరక్కపోతే, ఆ వారంలో ఏం జరిగి ఉంటుందో పక్కింటి పిన్నితో కూర్చుని తేల్చేవాళ్లు. మొన్న ఆమె గాజులు వేసుకుంది, ఇప్పుడు లేవంటోంది, మధ్యలో ఆసుపత్రికి వెళ్లి ఉంటుంది అని. అంత శ్రద్ధగా చదివేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల కోసం గాజులు కూడా లెక్కపెట్టుకుని రాయాలి.

మొదలుపెట్టే ముందు ఒక్క ప్రశ్నకు జవాబు కాగితం మీద రాసుకోండి: అతను మొదటి రోజే ఆమెకు నిజం ఎందుకు చెప్పలేదు? జవాబు "చెబితే కథ అయిపోతుంది కాబట్టి" అయితే ఇంకా ఆలోచించాలి. చెబితే ఇంకొకరి ప్రాణానికి ముప్పు అయితే రాయడం మొదలుపెట్టొచ్చు.

మీది మిర్యాలగూడ కాబట్టి ఒక ఐడియా ఇస్తాను, వాడుకోండి. వడ్ల సీజన్, రైస్ మిల్లుల ముందు లారీల బారు. హీరోయిన్ వేబ్రిడ్జిలో రాత్రి డ్యూటీ. లారీని లోడుతో ఒకసారి, దింపాక ఖాళీగా ఒకసారి తూస్తారు కదా. ఆమెకు నచ్చిన డ్రైవర్ లారీ ఖాళీ బరువు ఆమెకు నోటికి వచ్చు. ఆ రాత్రి తెర మీద యాభై కిలోలు ఎక్కువ చూపించింది. డీజిల్ అనుకోవచ్చు. లారీలో ఒక మనిషి ఉన్నారనీ అనుకోవచ్చు. అతను కిందికి దిగకుండా, చేయి చాపి స్లిప్ అడిగాడు. ఉన్నది ఎవరు, అతను ఆ మనిషిని తప్పిస్తున్నాడా, ఎత్తుకుపోతున్నాడా అన్నది మీరే తేల్చండి. మొదటి భాగం అయ్యాక ఇక్కడే పెట్టండి, అత్తమ్మకు చదివి వినిపించి ఏమందో రాస్తాను.