కేసు తేలేదాకా ఆగకండి, ముందు టెట్ రాయించండి

ప్రశ్న: మా అమ్మ 2002 డీఎస్సీ (టీచర్ల నియామక పరీక్ష)లో ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల టీచర్)గా ఎంపికయ్యారు. పుట్టింది 1974లో. టీటీసీ తర్వాత గణితం మెథడాలజీ (బోధనా సబ్జెక్టు)తో బీఈడీ చేశారు. స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్ సబ్జెక్టు టీచర్) ప్రమోషన్ కోసం చూస్తున్నారు కానీ టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) లేదు. పాతవాళ్లకు మినహాయింపు ఉందని, ఆగమని తోటి టీచర్లు అంటున్నారు. నిజమేనా? నేను కూడా బీఈడీ చదువుతున్నాను. – బీసీ విద్యార్థిని, ఖమ్మం జిల్లా

జవాబు: ఆగితే నష్టపోయేది మీ అమ్మగారే. ఎన్సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) 2010 ఆగస్టు 23 నోటిఫికేషన్‌లో అంతకుముందు చేరినవాళ్లకు మినహాయింపు ఉన్న మాట నిజం. అది ఉద్యోగంలో కొనసాగడానికే తప్ప ప్రమోషన్‌కు వర్తించదని 2023లో మద్రాస్ హైకోర్టు చెప్పింది. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. ఆ తేదీకి రిటైర్మెంట్‌కు ఇంకా ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలి ఉన్నవాళ్లంతా రెండేళ్లలో టెట్ పాస్ కావాలి. లేకపోతే ఉద్యోగం వదులుకోవాలి, లేదా రిటైర్మెంట్ ప్రయోజనాలిచ్చి నిర్బంధంగా పంపించేస్తారు. ఐదేళ్లలోపే మిగిలి ఉన్నవాళ్లు టెట్ లేకుండానే కొనసాగవచ్చు కానీ వాళ్లకూ ప్రమోషన్ కావాలంటే టెట్ ఉండాల్సిందే. మైనారిటీ స్కూళ్ల సంగతి మాత్రం విస్తృత ధర్మాసనానికి వెళ్లింది.

తెలంగాణలో రిటైర్మెంట్ వయసు 61. అంటే 1969 ఆగస్టులో లేదా అంతకుముందు పుట్టినవాళ్లకే ఆ ఐదేళ్ల వెసులుబాటు. మీ అమ్మగారికి 2035 దాకా సర్వీసుంది కాబట్టి 2027 ఆగస్టు నెలాఖరే గడువు. తీర్పు మీద రివ్యూ పిటిషన్లు పడ్డాయి. వాటిని సంఘాలు, ప్రభుత్వాలు చూసుకుంటాయి. పిటిషన్ పడినంత మాత్రాన గడువు ఆగదు.

ఇక ఏ పేపర్ రాయాలి? ఉన్న పోస్టు నిలబడాలంటే పేపర్-1. స్కూల్ అసిస్టెంట్ కావాలంటే పేపర్-2, గణితం-సైన్స్. ఒకే నోటిఫికేషన్‌లో రెండిటికీ దరఖాస్తు చేయించండి. పేపర్-2 ఒక్కటే రాసి ప్రమోషన్ రాకపోతే, ఎస్జీటీగా కొనసాగడానికి అది సరిపోతుందా అనే కొత్త తగాదా మొదలవుతుంది.

ఒక్కో పేపర్‌కు 150 ప్రశ్నలు, 150 మార్కులు, రెండున్నర గంటలు. నెగెటివ్ మార్కులు లేవు. బీసీలకు 75 వస్తే చాలు. శిశు వికాసంలో 30కి 20, తెలుగులో 24, ఇంగ్లీషులో 18 తెచ్చుకుంటే అక్కడికే 62 అయ్యాయి. మిగతా 60 మార్కుల్లో 13 వస్తే గట్టెక్కినట్టే. ఇన్నేళ్లు పాఠం చెప్పినవాళ్లకు ఇది అందని లెక్క కాదు. చాలామంది తడబడేది శిశు వికాసం పారిభాషిక పదాల దగ్గర, కంప్యూటర్ తెర దగ్గర. ఆదివారాలు మీరే పక్కన కూర్చుని మాక్ టెస్టులు రాయించండి. సర్టిఫికెట్‌కు జీవితకాలం చెల్లుబాటు ఉంది.

టెట్ ఉన్నా ప్రమోషన్ చేజారేది కాగితాల దగ్గరే. సర్వీస్ రిజిస్టర్‌లో బీఈడీ, మెథడాలజీ, డీఎస్సీ ర్యాంకు, పుట్టిన తేదీ నమోదై ఉన్నాయా అని ఇప్పుడే చూసుకోవాలి. టెట్ దరఖాస్తులో పేరు, ఇంటిపేరు రిజిస్టర్‌లో ఉన్నట్టే రాయాలి. డీఈవో (జిల్లా విద్యాధికారి) తాత్కాలిక సీనియారిటీ జాబితా పెట్టగానే తన నంబరుతో పాటు పైన ఉన్న పది పేర్లూ చదవాలి. తప్పుంటే గడువులోపు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి రసీదు తీసుకోవాలి. నోటిమాటగా చెప్పి వచ్చేస్తే, రేపు హైకోర్టులో 'అప్పుడెందుకు అడగలేదు' అన్న ప్రశ్నకు చూపించడానికి ఏమీ ఉండదు. తెలంగాణలో ఇప్పుడు అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ లేదు, నేరుగా హైకోర్టులో రిట్ వేయాలి. అందులో తనకంటే ముందు ప్రమోషన్ పొందిన జూనియర్లను ప్రతివాదులుగా చేర్చాలి. వాళ్ల వాదన వినకుండా వాళ్ల పోస్టు కదిలించడం కుదరదు కాబట్టి, చేర్చని పిటిషన్ అక్కడే వీగిపోవచ్చు. ఉత్తర్వులో 'కోర్టు తుది తీర్పుకు లోబడి' అని ఉంటే, ఆ ప్రమోషన్ తర్వాత వెనక్కి పోయే అవకాశం ఉందని అర్థం.

మీ విషయానికొస్తే, సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11 తీర్పుతో బీఈడీ వాళ్లకు ఎస్జీటీ దారి మూసుకుపోయింది. మీ లక్ష్యం పేపర్-2, స్కూల్ అసిస్టెంట్ పోస్టు. అమ్మగారికి పాసైతే చాలు కానీ డీఎస్సీలో టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి మీకు ప్రతి మార్కూ అవసరమే. స్కోరు తక్కువొస్తే మళ్లీ రాయండి.