చిన్న కళాశాలలకు దారి ఎక్కడ తెరవాలంటే

సభ్యులు తలో కళాశాల జట్టును నడుపుతుంటే మ్యాచ్‌లను కంప్యూటర్ లెక్కగట్టే మీ బాస్కెట్‌బాల్ సిమ్యులేషన్ లీగ్‌లో మంచి ఆటగాళ్లందరినీ పేరున్న కళాశాలలే తన్నుకుపోతున్నాయని, చిన్న జట్లు నడిపే సభ్యులు లీగ్ వదిలి వెళ్తున్నారని మీరు రాశారు. దయచేసి మ్యాచ్ ఫలితాల లెక్క జోలికి వెళ్లకండి. అక్కడ బలహీనులకు చాటుగా సాయం చేస్తే ఆట మీద నమ్మకమే పోతుంది. నిజంలోనూ సంచలనాలు అరుదు: అమెరికా కళాశాలల ఎన్‌సీఏఏ పురుషుల బాస్కెట్‌బాల్ టోర్నీలో 16వ సీడ్ (తన విభాగంలో అట్టడుగు ర్యాంకు జట్టు) ఒకటో సీడ్‌ను తొలిసారి ఓడించింది 2018లోనే, యూఎంబీసీ (మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం, బాల్టిమోర్ కౌంటీ) 74-54తో వర్జీనియాపై గెలిచింది.

మార్చవలసింది ఆటగాళ్లు కళాశాలను ఎంచుకునే పద్ధతిని. కుర్రవాడి నిర్ణయంలో కళాశాల పేరుతో పాటు కోర్టులో దొరికే సమయానికి, ఇంటి నుంచి దూరానికి కూడా విలువ ఇవ్వండి. ముగ్గురు మేటి గార్డులు (బంతిని నడిపించే ఆటగాళ్లు) ఉన్న చోటికి నాలుగోవాడు ఎందుకు వెళ్తాడు? కళాశాల ప్రతిష్ఠ కూడా నాలుగైదు సీజన్ల గెలుపోటములను బట్టి మెల్లగా మారాలి. సీజన్ మధ్యలో మాత్రం ఏ నిబంధననూ మార్చకండి.