గింజల సంగతి తరువాత, ముందు పళ్ళెంలో అన్నం సంగతి

పీసీఓఎస్ (అండాశయాల్లో హార్మోన్ల సమతూకం తప్పే సమస్య) ఉందని స్కానింగులో తేలిందనీ, మందుల జోలికి పోకుండా ఆహారంతోనే హార్మోన్లను దారిలో పెట్టుకోవచ్చా, అందుకు ఏయే గింజలు ఏయే రోజుల్లో తినాలనీ మీరు అడిగారు. కాలేజీ రోజుల నుంచీ ఇదే సమస్యతో వేగుతున్నదాన్ని కనుక నేను గింజలతో మొదలుపెట్టను. మనం తినే తిండికి పూటపూటకూ, అన్నిటికంటే నేరుగా బదులు పలికే హార్మోను ఇన్సులిన్. పీసీఓఎస్ ఉన్నవారిలో చాలామందికి శరీరం ఇన్సులిన్ మాట సరిగ్గా వినదు. విననందువల్ల క్లోమగ్రంథి దాన్ని మరింతగా విడుదల చేస్తుంది. అలా ఎక్కువైన ఇన్సులిన్ ఒకవైపు అండాశయాల చేత మగ హార్మోనైన టెస్టోస్టిరాన్‌ను ఎక్కువగా తయారుచేయిస్తుంది, మరోవైపు ఆ టెస్టోస్టిరాన్‌ను రక్తంలో పట్టి ఉంచే ప్రొటీన్‌ను కాలేయం తగ్గించేలా చేస్తుంది. గడ్డం కింద వెంట్రుకలకూ, తగ్గని మొటిమలకూ, నెలలు దాటే నెలసరికీ దారితీసే పెద్ద కారణాల్లో ఇదొకటి. అందువల్ల తిండితో హార్మోన్లను సరిచేసుకోవాలనుకునేవారు పట్టుకోవలసిన కొస ఇన్సులిన్ అని నా గట్టి అభిప్రాయం.

ఈ విషయం నాకు అర్థమయ్యేలా చెప్పింది మా పెద్దమ్మ. ఆవిడ గుంటూరులో హోంసైన్స్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి వచ్చినప్పుడు, కేకుల పిండి తూచుకోవడానికి నేను కొనుక్కున్న చిన్న తూకం యంత్రాన్ని వంటగది గట్టు మీద నుంచి తీసి భోజనాల బల్ల మీద పెట్టి, "నువ్వు రోజూ ఎంత తింటావో అంతే తిను, కాకపోతే అన్నం వడ్డించుకున్న ప్రతిసారీ పళ్ళెం దీని మీద పెట్టు" అన్నారు. గోంగూర పచ్చడితో మొదటి వాయి అన్నం, నెయ్యి వేసుకుని ముద్దపప్పుతో రెండోది, దొండకాయ వేపుడుతో కాస్త, చారుతో మరికాస్త, చివర పెరుగుతో ఒక ముద్ద; ఇంతే నా భోజనం. నేను తిండిపోతును కాను, మా ఇంట్లో ఎవరూ ఆ పళ్ళేన్ని చూసి ఎక్కువ తింటున్నావని ఎప్పుడూ అనలేదు. అన్నీ కలిపి పెద్దమ్మ కాగితం మీద వేసిన లెక్కలో అన్నం 600 గ్రాములు దాటింది. దొండకాయ వేపుడు మాత్రం గుప్పెడు కూడా లేదు.

వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది కనుక, ఆ ఒక్క పూటలోనే 170 గ్రాముల దాకా లోపలికి వెళ్లిందన్నమాట. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, 2000 కిలో కేలరీల రోజువారీ పళ్ళేనికి వండని ధాన్యం 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పప్పులూ గుడ్లూ మాంసం వంటివి 85 గ్రాములు అని ఉంటుంది. నేను ఆ రోజు మొత్తానికి సరిపడే ధాన్యంలో చాలా భాగాన్ని మధ్యాహ్నం ఒంటిగంటన్నరకే ముగించాను, కూరగాయల దగ్గర మాత్రం పిసినారితనం చూపించాను. మన భోజనం కట్టుబాటే అలాంటిది: పచ్చడికీ అన్నమే, పప్పుకీ అన్నమే, చారుకీ పెరుగుకీ అన్నమే, కూర అన్నది ఆ అన్నాన్ని దించడానికి ఒక ఆసరా మాత్రమే.

అన్నం మానేసి చపాతీలు తినమంటారేమోనని నేను ముందే మొహం ముడుచుకుంటే, "అన్నం మానెయ్యమనడానికి నేనేమన్నా యూట్యూబులో పుట్టానా?" అని పెద్దమ్మ నవ్వారు. ఆవిడ మార్పించింది వరసను, పాళ్ళను. ముందుగా ఒక పెద్ద గిన్నెడు కూర, ఆ తరువాత గట్టి పప్పు, రెండూ అన్నం కలపకుండా చెంచాతో తినాలి; అవి అయ్యాక ఒకే ఒక్క గిన్నె అన్నం పెట్టుకుని, దాన్నే చారుకూ పెరుగుకూ పంచుకోవాలి. పీచూ ప్రొటీనూ ముందు కడుపులోకి చేరితే వెనక వచ్చే అన్నంలోని చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది, ఇన్సులిన్ కూడా ఎగిసిపడదు. చెంచాతో పప్పు తినడం మొదట్లో రోగికి పథ్యం పెట్టినట్టుగా అనిపించింది కానీ, కందిపప్పులో పాలకూరో తోటకూరో దండిగా వేసి, ఇంగువ పోపు పెట్టి చూడండి, అన్నం లేని లోటు తెలియదు.

ఇక్కడ ఒక ఫిర్యాదు చేయక తప్పదు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో రూపొందించిన తెలంగాణ సోనా అనే ఆర్‌ఎన్‌ఆర్ 15048 రకం బియ్యం గ్లైసిమిక్ సూచిక 51.5 అని తేలింది, అది నిజంగా మంచి విషయమే. అయితే కొట్లలో దాన్ని షుగర్ ఫ్రీ రైస్ అని అమ్ముతూ ఉంటే, కొన్నవారు ఆ మాట నమ్మి మరో రెండు గరిటెలు ఎక్కువ వడ్డించుకుంటున్నారు. మా ఇంట్లో మామగారు చేసింది కూడా అదే. ఆ సూచిక చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెబుతుంది తప్ప, ఎంత తిన్నా ఫరవాలేదని చెప్పదు. కొర్రలు, అరికెల విషయంలోనూ ఇదే తంతు: పీచు ఎక్కువ కనుక మంచివే, కానీ కొర్రన్నం గిన్నెడు తిన్నంత మాత్రాన రక్తంలోకి చేరే చక్కెర మాయమైపోదు.

ఉదయం పూట ఫలహారానికి మన దగ్గర ఉన్న పెసరట్టును మించినది నాకు కనిపించలేదు, పొట్టు తీయని పెసలు కనుక ప్రొటీనూ పీచూ రెండూ వస్తాయి. దాని పొట్టలో ఉప్మా కూరేవారితో మాత్రం నాకు పేచీ ఉంది.

ఇక మీరు అడిగిన గింజల సంగతి. నెలసరి చక్రంలో మొదటి సగం అవిసె, గుమ్మడి గింజలు, రెండో సగం నువ్వులు, పొద్దుతిరుగుడు గింజలు తినాలని చెబుతున్నారు. రెండు మూడు నెలలకు ఒకసారి నెలసరి వచ్చే నాలాంటిదానికి మొదటి సగం ఎప్పుడు ముగిసిందో ఎవరు చెబుతారు? అవిసె గింజలను దోరగా వేయించి కారప్పొడి కొట్టుకుంటే ఇడ్లీలోకి అద్భుతంగా ఉంటుంది, మంచి కొవ్వూ పీచూ వస్తాయి. అందుకోసం తినండి, తేదీలు చూసుకుని కాదు. పెద్దమనిషైన పిల్లలకు మనవాళ్లు పెట్టే నువ్వుల చిమ్మిలిలో కాల్షియం, ఇనుము ఉన్న మాట నిజమే గానీ, అందులో సగం బెల్లమే. బెల్లం చక్కెర కాదని నమ్మి రోజుకు మూడుసార్లు బెల్లం టీ తాగే స్నేహితురాళ్లు నాకు ఉన్నారు; ఇన్సులిన్‌కు ఆ తేడా తెలియదు.

థైరాయిడ్ కూడా తిండితో తగ్గుతుందా అని మీరు కింద రాశారు కనుక మా అమ్మ ముచ్చట చెబుతాను. థైరాయిడ్ వచ్చిందని తెలిసిన రోజు నుంచి ఆవిడ ఇంట్లోకి క్యాబేజీని రానివ్వలేదు, ఉప్పు మాని సైంధవ లవణం తెప్పించారు, మాత్రను మాత్రం పొద్దున్నే ఫిల్టర్ కాఫీతో మింగేవారు. ఉడికించిన క్యాబేజీ మామూలుగా తింటే వచ్చే నష్టం లేదు; సైంధవ లవణంలో మనకు కావలసినంత అయోడిన్ ఉండదు, అయోడిన్ కలిపిన ఉప్పులోనే ఉంటుంది; కాఫీ ఆ మాత్ర ఒంటబట్టకుండా అడ్డుపడుతుంది. మాత్రను పరగడుపున నీళ్లతో వేసుకుని కనీసం అరగంట నుంచి గంట ఆగాలి, కాల్షియం, ఐరన్ మాత్రలుంటే నాలుగు గంటల ఎడం ఇవ్వాలి. గ్రంథి దెబ్బతిన్నాక తగ్గిన థైరాయిడ్ హార్మోనును ఏ కషాయమూ పుట్టించలేదు.

నా విషయానికి వస్తే, పళ్ళెం వరస మారిన తరువాత ఏడాది తిరగకుండానే నెలసరి దాదాపు నెలకు ఒకసారి రావడం మొదలైంది, బరువు కూడా కొంత తగ్గింది. అధిక బరువు ఉన్నవారు 5 నుంచి 10 శాతం తగ్గినా పీసీఓఎస్‌లో నెలసరి మెరుగుపడుతుందని డాక్టర్లు కూడా చెబుతారు. అదే కాలంలో కొన్నాళ్లు శరీరం ఇన్సులిన్ మాట వినేలా చేసే మెట్‌ఫార్మిన్ మాత్ర కూడా డాక్టరు రాస్తే వేసుకున్నాను, అయినా ఘనత మొత్తం పెద్దమ్మ తూకానికే ఇస్తాను.

మందుల జోలికి పోకూడదన్న మీ పట్టుదల మాత్రం ఒక దగ్గర సడలించుకోండి. మూడు నెలలు దాటినా నెలసరి రాకపోతే పళ్ళెం మార్చుకుంటూ కూర్చోకుండా గైనకాలజిస్టు దగ్గరకు వెళ్లండి. అండం విడుదల కాని నెలల్లో ప్రొజెస్టిరాన్ లేక గర్భాశయం లోపలి పొర మందమవుతూ పోతుంది, దాన్ని అలా ఏళ్ల తరబడి వదిలేయడం ప్రమాదం. వెళ్లినప్పుడు గర్భం లేదని నిర్ధారించుకున్నాక టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చెప్పేది), ప్రొలాక్టిన్ (పాలు పట్టించే హార్మోను), రక్తంలో చక్కెర పరీక్షలు కూడా చేయమని అడగండి, నెలసరి ఆగడానికి కారణం ప్రతిసారీ పీసీఓఎస్ ఒక్కటే కానక్కరలేదు.