ఆన్‌లైన్‌లో 1950, బోర్డు మీద 1512: అబ్బాయిని చదరంగంలోనే పెట్టేయమంటారా?

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి పూర్తి చేస్తున్నాడు. రెండేళ్లుగా కోచ్ ఎవరూ లేకుండా ఆన్‌లైన్‌లో చదరంగం ఆడుతూ ఛెస్.కామ్ ర్యాపిడ్‌లో 1950 దాటాడు. ఈ ఏడాది రెండు టోర్నమెంట్లకు తీసుకెళితే ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) రేటింగు 1512 మాత్రమే వచ్చింది. గుకేశ్ బడి మానేశాడు కదా, వీణ్ణి కూడా ఓపెన్ స్కూల్లో చేర్చి ఆటలోనే పెట్టమని బంధువులు అంటున్నారు. వాడేమో యూట్యూబ్‌లో ఆడుతూ సంపాదిస్తానంటున్నాడు. నాకు ఐఐటీ ఫౌండేషన్‌లో వేయాలని ఉంది. రోజూ డ్యూటీ నుంచి రాగానే రేటింగు చూస్తాను, తగ్గితే ఫోన్ తీసేసుకుంటాను. అయినా వేరే పేరుతో ఇంకో ఖాతా తెరిచాడు. రెండు ఖాతాల ఆటలూ, స్కోర్‌షీట్లూ పంపుతున్నాను. వాడి బలాలు, లోపాలు చూసి, ఈ మూడు దారుల్లో ఏది మేలో పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మీరు అడిగింది మూడు దారుల గురించే అయినా, మీ బెంగ అంతా 1950కీ 1512కీ మధ్య ఉన్న తేడా చుట్టూ తిరుగుతోంది. ఇన్నాళ్లూ ఆడనిచ్చి తప్పు చేశానా, ఆ పెద్ద అంకె ఉత్తిదేనా, చివరికి చదువూ ఆటా రెండూ చేజారిపోతాయా అన్న భయం మీ ఉత్తరంలో ప్రతి వాక్యం వెనుకా ఉంది. పిల్లలు ఆటలోకి దిగిన ఇళ్ల నుంచి ఈ భయం నా దగ్గరకు తరచుగా వస్తూనే ఉంటుంది కనుక, ముందు దాని సంగతి తేల్చి తక్కినవాటికి వస్తాను.

మీ అబ్బాయి ఎవరినీ మోసం చేయలేదు, అతని ఆట పడిపోనూ లేదు. రేటింగు అనేది ఒక గుంపులో మనిషి ఎక్కడ ఉన్నాడో చెప్పే అంకె మాత్రమే. గుంపు మారితే అంకె మారుతుంది. లైచెస్ అనే మరో సైటులో కొత్తవారి ఖాతా 1500తోనే మొదలవుతుంది. ఫిడే జాబితాలో 2024 మార్చి నుంచి 1400కు తక్కువ రేటింగు అన్నదే లేదు. పైగా మీ అబ్బాయి ర్యాపిడ్ అనుకుంటూ ఆడుతున్న పది నిమిషాల ఆట ఫిడే నియమాల ప్రకారం బ్లిట్జ్, అంటే మెరుపు ఆట, కిందికే వస్తుంది. మీరు తీసుకెళ్లిన టోర్నమెంట్లలో ఒక్కొక్కరికి తొంభై నిమిషాలు, ఎత్తుకు మరో ముప్పై సెకన్లు ఇచ్చారని స్కోర్‌షీట్లను బట్టి తెలుస్తోంది. ఆ రెండూ ఒకే ఆట అనుకోవడం వల్లనే మీకు దిగులు కలిగింది. ఇంకొక ఊరట కూడా ఉంది. పద్ధెనిమిదేళ్ల లోపు పిల్లలకు 2300 దాటేదాకా ఫిడే రేటింగు లెక్కలో గుణకం 40 కనుక, తనతో సమానమైన రేటింగున్న ఆటగాడి మీద ఒక్క గెలుపు అందులో సగం, అంటే ఇరవై పాయింట్లు తెస్తుంది. అందువల్ల 1512 అక్కడే నిలిచిపోయే అంకె కాదు.

నేను కోచ్‌ను కాను కానీ, కాలేజీ రోజుల్లో టోర్నమెంట్లు ఆడినవాణ్ణి కాబట్టి స్కోర్‌షీటు చదవగలను. మీ అబ్బాయికి పావుల మధ్య దెబ్బలు చాలా త్వరగా కనిపిస్తాయి. గుర్రంతో ఒకేసారి రెండు పావుల మీద దాడి చేయడం, వెనుక వరుసలో ఇరుక్కున్న రాజుకు ఆటకట్టు చేయడం వంటివి అతడు దాదాపు ఎక్కడా వదల్లేదు. నష్టంలో పడ్డాక కూడా చేతులెత్తేయకుండా ఎదుటివారికి చిక్కులు కల్పిస్తూనే ఉంటాడు, ఇది నేర్పితే వచ్చే గుణం కాదు. ఎవరూ చెప్పకుండా రెండేళ్లలో ఇంత చూపు తెచ్చుకున్న పిల్లవాడికి బుర్ర లేదని ఎవరైనా అంటే నమ్మకండి.

లోపాలన్నీ ఒకే చోట నుంచి వస్తున్నాయి: అతనికి సమయాన్ని వాడుకోవడం తెలియదు. మొదటి టోర్నమెంట్ నాలుగో రౌండు స్కోర్‌షీటు చూడండి. ముప్పయ్యో ఎత్తు పక్కన తన గడియారంలో 81 నిమిషాలు, ఎదుటి ఆటగాడి గడియారంలో 19 నిమిషాలు మిగిలినట్టు రాసుకున్నాడు. ఎత్తుకు వచ్చే అదనపు సెకన్లు కలుపుకుంటే, ముప్పై ఎత్తులకు మీ అబ్బాయి వాడినది ఇరవై నాలుగు నిమిషాలే. ఆ ఆటలో ఒక బంటు లాభంతో ఏనుగులను మార్చుకుని రాజు, బంటు మాత్రమే మిగిలిన స్థితికి వచ్చాడు. అతని రాజు డి4 గడిలో, బంటు ఇ3లో, నల్లరాజు ఇ6లో ఉన్నాయి; ఎత్తు అతనిదే. రాజును ఇ4కు తెచ్చి నల్లరాజుకు ఎదురుగా నిలబెడితే గెలుపు ఖాయం. బంటును ఇ4కు నెడితే నల్లరాజు డి6కు వస్తుంది, ఇక ఎంత ప్రయత్నించినా డ్రాయే. అతడు బంటునే నెట్టాడు, ఆట డ్రా అయింది. గంటకు పైగా సమయం చేతిలో పెట్టుకుని అంత కీలకమైన ఎత్తును ఎందుకు అలా వేశాడంటే, పది నిమిషాల ఆటల్లో ఈ స్థితికి వచ్చేసరికి ఎదుటివారి సమయం అయిపోతుంది కాబట్టి దాన్ని ఆలోచించి ఆడవలసిన అవసరం అతనికి ఎప్పుడూ రాలేదు.

రెండో లోపం ఉచ్చుల మీద నమ్మకం. తెల్లపావులు డి4 ఆడగానే ఇ5 అని బంటును బలి ఇచ్చే ఎంగ్లండ్ గాంబిట్‌తో ఆన్‌లైన్‌లో అతనికి చాలా గెలుపులు వచ్చాయి. టోర్నమెంట్లో ఎదుటివారు పదిహేను నిమిషాలు కూర్చుని ఆలోచిస్తే ఆ ఉచ్చు పనిచేయదు, పోయిన బంటు పోయినట్టే మిగులుతుంది. రెండో టోర్నమెంట్లో ముట్టుకున్న పావునే కదపాలన్న నియమం వల్ల ఒక ఏనుగు పోయిందని మీరు రాశారు. తెరమీద ఆడేవారికి చేతిని అదుపులో పెట్టుకునే అలవాటు ఉండదు, నాలుగు టోర్నమెంట్లు ఆడితే అదే వస్తుంది.

ఇప్పుడు మీతో కొంచెం గట్టిగానే మాట్లాడాలి. మీరు పంపిన రెండు ఖాతాల ఆటలను పక్కపక్కన పెట్టి చూశారా? అసలు ఖాతాలో మీరు డ్యూటీ దిగే వేళకు ముందు రెండు గంటలపాటు ఒక్క ఆటా లేదు, అంటే మీరు ఫోన్ తెరిచేసరికి అంకె కదలకుండా కాపాడుతున్నాడు. ఆ ఖాతాలో ప్రత్యర్థులు కూడా ఎక్కువగా తనకన్నా తక్కువ రేటింగువాళ్లే. గట్టివాళ్లతో ఆడిన ఆటలు, ఓడిపోయినా ఏదో నేర్చుకున్న ఆటలు అన్నీ మీకు తెలియకూడదనుకున్న రెండో ఖాతాలో ఉన్నాయి. ఒకరు రెండు ఖాతాలు నడపడం ఆ సైటు నియమాలకు విరుద్ధం కనుక దాన్ని మూసేయించండి, కానీ అది పుట్టడానికి కారణం మీరేనని గ్రహించి మరీ మూయించండి. తగ్గితే ఫోన్ లాక్కుంటానన్న తండ్రి దగ్గర ఏ పిల్లవాడైనా ఆటను పెంచుకోవడం మాని అంకెను దాచుకోవడమే నేర్చుకుంటాడు. ఈ రోజు నుంచి ఆరు నెలలు ఆ రేటింగు చూడకండి, బంధువుల దగ్గర చెప్పకండి. ఆడే సమయానికి హద్దు పెట్టండి, ఫలితానికి శిక్ష వేయకండి.

గుకేశ్ మాట తెచ్చిన బంధువులకు మిగతా కథ కూడా చెప్పండి. నాలుగో తరగతి తర్వాత అతని రోజువారీ బడి ఆగిన మాట నిజమే. అయితే 2019 జనవరిలో, పన్నెండేళ్ల ఏడు నెలల వయసుకే అతడు గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. ఈఎన్‌టీ సర్జన్ అయిన తండ్రి ప్రాక్టీసు పక్కన పెట్టి కొడుకు వెంట దేశాలు తిరిగారు. అక్కడ ఫలితాలు ముందు కనిపించాయి, త్యాగం వాటి వెనుక వచ్చింది. మీ బంధువులు చెబుతున్నది ముందు బడి మానిపించి తర్వాత ఫలితం కోసం ఎదురుచూడమని. పద్నాలుగేళ్లకు 1512 ఉన్న పిల్లవాడికి నేను ఆ సలహా ఇవ్వలేను. నిజానికి 2400 ఉన్నవాడికి ఇవ్వడానికి కూడా వెనకాడతాను. తమిళనాడుకు చెందిన శ్యామ్ నిఖిల్ 2012లోనే 2500 రేటింగు అందుకున్నా, చివరి నార్మ్ (ఆ హోదాకు కావలసిన టోర్నమెంటు ప్రదర్శన) దొరికి గ్రాండ్‌మాస్టర్ కావడానికి 2024 దాకా ఆగవలసి వచ్చింది. దేశంలో ఇప్పటికే ఎనభైకి పైగా గ్రాండ్‌మాస్టర్లు ఉన్నారు. వారిలో కేవలం టోర్నమెంటు బహుమతుల మీద హాయిగా బతకగలిగేవారు కొద్దిమందే. మన కోనేరు హంపి 2002లో, పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయి, 2019లోనూ 2024లోనూ ప్రపంచ మహిళల ర్యాపిడ్ టైటిల్ గెలిచిన ఆటగత్తె. ఆమె కూడా ఓఎన్‌జీసీ ఉద్యోగి అన్న సంగతి ఎవరూ గుర్తు చేయరు.

యూట్యూబ్ సంపాదన మీద నా అనుమానం ఇంకా పెద్దది. హికారు నకమురా ముందు గ్రాండ్‌మాస్టర్, తర్వాతే ఆటను ఆన్‌లైన్‌లో ప్రసారం చేసే స్ట్రీమర్. సమయ్ రైనా చదరంగం చూపించడం మొదలుపెట్టే నాటికే కమెడియన్‌గా జనానికి తెలుసు. అంటే ఆ దారిలో నిలబడినవారు ఆటనో మాటనో ముందే చేతిలో పెట్టుకుని వచ్చారు. ఈ-స్పోర్ట్స్ అంటారా, 2025లో రియాద్‌లో జరిగిన ఈ-స్పోర్ట్స్ ప్రపంచ కప్‌లో చదరంగాన్ని కూడా చేర్చారు. కార్ల్‌సన్ గెలిచాడు, మన వరంగల్ అబ్బాయి అర్జున్ ఇరిగేశి నాలుగో స్థానంలో నిలిచాడు. అర్జున్ అంతకుముందే బోర్డు మీద 2800 దాటినవాడు. తెరమీది డబ్బు కూడా చివరకు బోర్డు మీద గట్టిపడినవారికే చేరుతోందని మీ అబ్బాయికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. సరదాగా వీడియోలు పెట్టుకుంటానంటే వారానికి ఒకటి పెట్టుకోమనండి, దానికి కెరీర్ అన్న పేరు మాత్రం తగిలించవద్దు.

మూడు దారులను పోల్చమన్నారు. పై మాటల తర్వాత పోల్చడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. బడిలోనే ఉంటూ బోర్డు మీద ఆడడం ఒక్కటే ఇప్పుడు అర్థమున్న దారి. క్రీడల కోటాలో సీటుకైనా ఉద్యోగానికైనా అడిగేది గుర్తింపు ఉన్న పోటీల సర్టిఫికెట్లు. సైటులో రేటింగు స్క్రీన్‌షాట్ తీసుకెళితే ఎవరూ చూడరు. ఐఐటీ మద్రాసు 2024–25 నుంచి క్రీడాకారులకు విడిగా సీట్లు ఇస్తున్నా, వాటికి కూడా జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత తప్పదు. కాబట్టి చదువు వదిలితే ఆట తెచ్చే సీటు కూడా పోతుంది. ఫౌండేషన్ విషయంలో నాకు పట్టుదల లేదు. లెక్కలంటే అబ్బాయికి ఇష్టమైతే వేయండి, సాయంత్రం ఏడు దాకా కూర్చోబెట్టే చోట మాత్రం వద్దు. పదో తరగతి మామూలుగా చదివి తర్వాత ఎంపీసీలో చేరినా కొంప మునగదు.

ఆట బాగుపడడానికి ఖర్చు పెద్దగా లేదు. బుల్లెట్ (ఒకటి రెండు నిమిషాల ఆటలు) పూర్తిగా ఆపి, వారానికి మూడు అరగంట ఆటలు ఆడమనండి. పక్కన నిజమైన బోర్డు పెట్టుకుని, తెరమీది ప్రతి ఎత్తును దాని మీద వేసి, కాగితం మీద రాసిన తర్వాతే మౌస్ ముట్టుకోవాలి. ఆట అయ్యాక ఇంజిన్ (స్టాక్‌ఫిష్ వంటి, ఎత్తులను విశ్లేషించే ప్రోగ్రామ్) వెంటనే తెరవకూడదు. ఎక్కడ అనుమానం కలిగిందో, ఎక్కడ భయం వేసిందో ముందు తన చేత్తో రాసి, ఆ తర్వాతే స్టాక్‌ఫిష్‌ను అడగాలి. లైచెస్‌లో ఇదంతా ఉచితమే. వేసవి సెలవుల్లో రాజు–బంటు ముగింపులు, ఏనుగు ముగింపుల్లో ఫిలిడార్, లుసెనా అనే పేరున్న స్థితులు బోర్డు మీద మీతోనే ఆడి నేర్చుకోవచ్చు. మీకు ఆట రాకపోయినా నల్లరాజును కదిపితే సరిపోతుంది. ఎంగ్లండ్ గాంబిట్ మాన్పించి, డి4కు డి5 అనే మామూలు జవాబు అలవాటు చేయించండి. కోచ్ కావాలా అంటే, వచ్చే ఏడాది చూద్దాం. ముందు పొడవైన ఆటలున్న టోర్నమెంట్లు ఈ ఏడాది మరో నాలుగు ఆడనివ్వండి. జిల్లా ఎంపిక పోటీల తేదీలు బడిలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి అడిగి తెలుసుకోండి, ఎందుకంటే స్కూల్ గేమ్స్‌లో చదరంగం ఉంది, ఆ సర్టిఫికెట్‌కు విలువ ఉంది. రౌండు నడుస్తుండగా మీరు హాలు బయట తలుపు దగ్గర నిలబడకుండా, టీ తాగడానికి వెళ్లండి.

ఓపెన్ స్కూల్ దరఖాస్తు ఇంట్లో ఉంటే పక్కన పెట్టేయండి. ఇప్పుడు చదువుతున్న బడిలోనే పదో తరగతి ఫీజు కట్టండి. తర్వాతి రెండు టోర్నమెంట్ల స్కోర్‌షీట్లు, గడియారంలో మిగిలిన నిమిషాలతో సహా, అబ్బాయి చేతనే నాకు పంపించండి.