ఎఫ్‌డీ వేయనా, అమ్మానాన్నలకు టీకాలు వేయించనా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి. నేను విశాఖలో ఉద్యోగం చేస్తున్నాను. నాన్నకు 68 ఏళ్లు, అమ్మకు 64. అమ్మకు క్రియాటినిన్ ఎక్కువగా ఉంది, అంటే కిడ్నీలు బలహీనంగా ఉన్నాయట. ఇద్దరికీ ఫ్లూ, న్యుమోనియా, సర్పి (షింగిల్స్) టీకాలు వేయించమన్నారు డాక్టర్ గారు. అన్నీ కలిపి 60,000 దాకా అవుతుందట. నా దగ్గరున్న 40,000 ఎఫ్‌డీ వేద్దామనుకున్నాను. వాళ్లకు ఆరోగ్య బీమా లేదు. ఏం చేయమంటారు?

జవాబు: టీకాలే ముందు. ఆరున్నర శాతం వడ్డీ వచ్చినా 40,000 మీద ఏడాదికి మీకు మిగిలేది 2,600. కిడ్నీలు బలహీనంగా ఉన్న మనిషికి న్యుమోనియా వస్తే తట్టుకోవడం కష్టం. ఆస్పత్రి బిల్లు ఏదో పథకంలో గడిచినా మీ సెలవులు, బండి ఖర్చు, తోడున్నవాళ్ల తిండి మీ జేబులోంచే పోతాయి. కిడ్నీ జబ్బులతో వేగే మీ ఉద్దానం వాళ్లకు ఈ లెక్క నేను చెప్పనక్కర్లేదు.

అలాగని 60,000 ఒకేసారి పెట్టే పని లేదు. ఈ నెలలోనే ఇద్దరికీ ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించండి. ఫ్లూ టీకా ఏటా వేయించాలి కాబట్టి ఇంటి బడ్జెట్‌లో రాసేసుకోండి. న్యుమోనియా టీకా ధర అడిగేటప్పుడు ఏ రకమో కూడా అడగండి. పీసీవీ20 అయితే ఒక్కసారి చాలు. పీసీవీ13 అయితే తర్వాత ఇంకో రకం కూడా వేయించాల్సి రావచ్చు. చవక అనుకున్నది రెండు ఖర్చులవుతుంది. అమ్మగారికి హెపటైటిస్ బి టీకా గురించి కిడ్నీ డాక్టర్‌ని తప్పకుండా అడగండి. డయాలసిస్ దాకా వెళ్లే అవకాశం ఉన్నవాళ్లకు అది ముందే పడటం మంచిది.

మిగిలిన డబ్బు కదపకండి, అది అత్యవసరాలకు.

ఖరీదైనది సర్పి టీకా, ఒక్క డోసే 10,000 అటూఇటూ. మా నాన్నగారికి సర్పి వచ్చినప్పుడు పొక్కులు మానినా నెలల తరబడి మంట తగ్గలేదు, రాత్రిళ్లు చొక్కా తగిలినా ఓర్చుకోలేకపోయేవారు. అందుకే దీన్ని వదిలేయమని చెప్పలేను. జీతంలోంచి వేరే ఖాతాలో నెలకు 3,000 వేయండి. నాలుగో నెలకు అమ్మగారి మొదటి డోసు, ఎనిమిదో నెలకు రెండోది అయిపోతాయి. రెండు డోసుల మధ్య రెండు నుంచి ఆరు నెలల ఎడం ఉండాలి కాబట్టి సరిగ్గా సరిపోతుంది. ఆ తర్వాత నాన్నగారికి.

మీరు పాత పన్ను విధానంలో ఉంటే, బీమా లేని 60 దాటిన తల్లిదండ్రుల వైద్య ఖర్చుకు ఆదాయపు పన్ను లెక్కలో (పాత చట్టంలో ఇది సెక్షన్ 80డి) 50,000 వరకు మినహాయింపు ఉంది. నగదు ఇస్తే అది రాదు. ఫోన్‌పేతోనో కార్డుతోనో కట్టి, బిల్లు మీద అమ్మానాన్నల పేర్లు రాయించుకోండి.