గ్రీస్ దీవికి చీటీ పాడాలా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం, చేతికి నెలకు 78 వేలు వస్తుంది. ఇంజినీరింగ్‌లో కలిసి చదువుకున్న నలుగురం వచ్చే మేలో ఒక వారం గ్రీస్ వెళ్దామనుకుంటున్నాం. అందరికీ శాంటోరిని దీవి చూడాలని ఉంది. ఎంత తక్కువలో చూసినా మనిషికి లక్షన్నర అవుతుందని లెక్క వేశాం. నా ఖాతాలో లక్షా 60 వేలు ఉన్నాయి. నెలకు 10 వేల చొప్పున 2 లక్షల చీటీ కడుతున్నాను, 20 నెలల్లో ఆరు వాయిదాలు అయ్యాయి. చీటీ, ఇంటికి పంపేది, మిగతా ఖర్చులు పోను నెలాఖరుకు 14 వేల దాకా మిగులుతుంది. ఉన్న డబ్బు తీసేయాలా, చీటీ పాడాలా? నా క్రెడిట్ కార్డు లిమిట్ ఎక్కువ కాబట్టి టికెట్లు, గదులు అన్నీ దాని మీదే బుక్ చేయమని, తర్వాత ఇచ్చేస్తామని, పాయింట్లు కూడా నాకే వస్తాయని ఫ్రెండ్స్ అంటున్నారు. అమ్మేమో ‘ఇప్పుడు ఈ గ్రీసూ గీసూ ఎందుకే’ అంటోంది. - ఓ పాఠకురాలు

జవాబు: వెళ్లి రండి. కాకపోతే మేలో కాదు, సెప్టెంబర్ ఆఖర్లో. చీటీ జోలికి వెళ్లకండి. మీ కార్డు మీద మీ టికెట్ తప్ప ఇంకెవరి టికెట్టూ కొనకండి. అమ్మగారికి ఏం చెప్పాలో కూడా ఈ లెక్కలోనే దొరుకుతుంది.

ముందు చీటీ సంగతి. మన వాళ్లకు చీటీ పాడటం అప్పు చేసినట్టు అనిపించదు, ‘నా డబ్బే కదా’ అనుకుంటాం. మీరు ఇప్పటిదాకా కట్టింది 60 వేలు, అందులోనూ డివిడెండ్, అంటే పాటలో తగ్గిన డబ్బులో మీ వాటా, పోయి ఉంటుంది. పాడితే వచ్చేదాంట్లో మిగతాది తోటి సభ్యుల డబ్బు. ఉదాహరణకు ఈ నెల 40 వేలు తగ్గించి పాడారనుకుందాం. చేతికి లక్షా 60 వేలు వస్తుంది. చివరిదాకా ఆగితే, రిజిస్టర్డ్ చీటీలో ఫోర్‌మన్ (చీటీ నడిపేవారి) కమీషన్ గరిష్ఠంగా 7 శాతం, అంటే 14 వేలు పోను లక్షా 86 వేలు వస్తుంది. నెలనెలా కట్టేదీ, వచ్చే డివిడెండూ రెండు దారుల్లోనూ ఒకటే. కాబట్టి 14 నెలలు ముందు తీసుకున్నందుకు మీరు కట్టే ధర 26 వేలు. ఏడాదికి 14 శాతం దగ్గర పడుతుంది. ఇది పర్సనల్ లోన్ వడ్డీయే, పేరు మారిందంతే. పైగా మీకు కావలసింది లక్షన్నర లోపే అయినా లక్షా 60 వేలు చేతిలో పడుతుంది. మిగిలిన ఆ పది వేలు ఏ షాపింగ్‌కో పోకుండా ఉండవు. జామీను సంతకాల కోసం ఎవరినో బతిమాలుకోవడం వేరే.

చీటీ వద్దనడానికి ఇంకో కారణం ఉంది, నా దృష్టిలో అదే పెద్దది. మీ ఖాతాలోని లక్షా 60 వేలలో లక్షను నేను ప్రయాణం డబ్బుగా చూడను. ఉద్యోగం పోయినా, ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో చేరినా ముందు తీయాల్సిన డబ్బు అది. మీ నెల ఖర్చు చీటీతో కలిపి 64 వేలు, అంటే ఆ లక్ష రెండు నెలలకు కూడా సరిపోదు. మామూలుగా నేను ఇంత తక్కువకు ఒప్పుకోను. మీ విషయంలో ఒప్పుకుంటున్నానంటే, వెనక పాడని చీటీ ఉంది కాబట్టి. నిజంగా ఆపద వచ్చిన నెలలో దాన్ని పాడొచ్చు. విహారానికి ఇప్పుడే పాడేస్తే ఆ గొడుగు పోతుంది, కిస్తీ మాత్రం 14 నెలలు మిగులుతుంది.

కాబట్టి ప్రయాణానికి మీ దగ్గరున్నది 60 వేలు. జనవరి జీతం నుంచి సెప్టెంబర్ దాకా నెలకు 9,500 రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ)లో వేస్తే 85,500 అవుతుంది. మొత్తం లక్షా 45 వేలు. నెలాఖరుకు మిగిలే 14 వేలల్లో నాలుగున్నర వేలు ఇంకా మీ దగ్గరే ఉంటాయి. మేలో వెళ్తే ఆ 85,500లో సగం కూడా పోగవదు.

ఇక లక్షా 45 వేలకు గ్రీస్ దీవి వస్తుందా? వస్తుంది, కానీ శాంటోరిని కాదు. అక్కడ సముద్రంలోకి దిగే కొండ అంచు మీద, ఓయా ఊరి వైపు ఉండే గదులకు ఆ ఫొటోల రేటే ఉంటుంది. మీ బడ్జెట్‌కు నక్సోస్ సరిగ్గా సరిపోతుంది. శాంటోరిని కూడా ఉన్న సిక్లడీస్ దీవులన్నిటిలో పెద్దది అదే. సొంత వ్యవసాయం ఉన్న దీవి, బంగాళాదుంపలకు, జున్నుకు పేరు. ఓడ దిగగానే సముద్రం ఒడ్డున పోర్తారా అనే పాలరాతి ద్వారం కనిపిస్తుంది. రెండున్నర వేల ఏళ్ల క్రితం మొదలుపెట్టి సగంలో వదిలేసిన గుడి అది. చూడటానికి టికెట్ లేదు. ఊళ్లోంచి అగియోస్ ప్రోకోపియోస్, ప్లాకా బీచ్‌లకు బస్సులు తిరుగుతాయి. శాంటోరిని చూడకుండా రావడం ఇష్టం లేకపోతే, ఏథెన్స్ ఓడరేవు పిరేయస్ నుంచి బయల్దేరే మామూలు ఓడలు చాలావరకు పారోస్, నక్సోస్ మీదుగా శాంటోరినికే పోతాయి. నక్సోస్ నుంచి రెండు గంటల ప్రయాణం. టైమింగులు కుదిరిన రోజున పొద్దున వెళ్లి రాత్రికి రావచ్చు. మీ ఫ్రెండ్స్‌ని ఒప్పించడానికి ఇది పనికొస్తుంది.

నేను వేసిన లెక్క ఇది, ఒక్కరికి, యూరో 105 రూపాయలు అనుకుని. గల్ఫ్ మీదుగా హైదరాబాద్ నుంచి ఏథెన్స్‌కు రానుపోను విమానం 55 వేలు. షెంగెన్ వీసా (గ్రీస్‌తో పాటు చాలా యూరప్ దేశాలకు ఒకటే వీసా) ఫీజు 90 యూరోలు, వీసా సెంటర్ చార్జీ, ఇన్సూరెన్స్ కలిపి 13 వేలు. ఓడలో డెక్ టికెట్టు రానుపోను 9,500. ఇద్దరికి ఒక గది చొప్పున నక్సోస్‌లో ఐదు రాత్రులు, ఏథెన్స్‌లో రెండు, మనిషికి 26 వేలు. తిండికి రోజుకు 28 యూరోలు, వారానికి 20,500. బస్సులు, మెట్రో, టికెట్లకు 8,500. మొత్తం లక్షా 32,500. పైన 12,500 ఎవరూ ముట్టకూడని ముడుపు. విమానం ధర ఒక్కటే బాగా ఊగుతుంది. అది 65 వేలు దాటితే తేదీలు మార్చుకోండి తప్ప ముడుపు విప్పకండి.

సెప్టెంబర్ ఆఖరు ఎందుకంటే, ఆగస్టు రద్దీ తగ్గి గదుల ధరలు దిగుతాయి, సముద్రం నీళ్లు ఇంకా వెచ్చగానే ఉంటాయి, ఓడలు కూడా బాగానే తిరుగుతుంటాయి. ఆగస్టు 15 గ్రీకులకు మరియమాత పండుగ. మన సంక్రాంతికి విజయవాడ బస్సులు ఎలా ఉంటాయో ఆ వారం ఓడలు అలా ఉంటాయి.

తిండి దగ్గర ఒక మాట. పిటా రొట్టెలో చుట్టిచ్చే గైరోస్ నాలుగైదు యూరోలకు కడుపు నింపుతుంది. మీలో శాకాహారులుంటే ఫవా అడగండి. పసుపు రంగు పప్పును మెత్తగా ఉడికించి ఉల్లిపాయ, ఆలివ్ నూనె వేసి ఇస్తారు. ముద్దపప్పుకు దూరపు చుట్టం. హోటల్లో అడక్కుండానే రొట్టెల బుట్ట తెచ్చిపెడతారు, బిల్లులో మనిషికో యూరో, రెండు యూరోలు పడుతుంది. అక్కర్లేకపోతే పెట్టగానే వెనక్కి పంపండి.

బుకింగ్ ధరలో కనిపించని ఖర్చు ఇంకోటి ఉంది. వాతావరణ మార్పుల పేరుతో గ్రీస్ ప్రభుత్వం గదికి, రాత్రికి ఇంతని పన్ను వేస్తుంది, బస చేసే చోటే కట్టాలి. 2025 నుంచి ఏప్రిల్-అక్టోబర్ నెలల్లో ఒకటి, రెండు స్టార్ల హోటల్‌కు 2 యూరోలు, మూడు స్టార్లకు 5, అద్దె అపార్ట్‌మెంటుకు 8. నలుగురూ ఒకే అపార్ట్‌మెంట్ తీసుకుంటే ఆ 8 నాలుగు భాగాలవుతుంది, విడివిడి హోటల్ గదులైతే స్టార్లు చూసుకోండి. ఏథెన్స్‌లో అక్రోపోలిస్ టికెట్ ఒక్కటే 30 యూరోలు, పై లెక్కలో అది ఉంది.

ఇప్పుడు కార్డు. ఇక్కడే మీకు అసలు ప్రమాదం ఉంది, దాని గురించి మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నలుగురి విమానం టికెట్లు 2 లక్షల 20 వేలు అనుకుందాం. బిల్లు తేదీకి ఇద్దరు ఇచ్చారు, ఒకరు ‘వచ్చే నెల పక్కా’ అన్నారు. మీరు 55 వేలు తక్కువ కట్టారు. వడ్డీ ఆ 55 వేల మీదే పడుతుందని అందరూ అనుకుంటారు. చాలా బ్యాంకుల్లో బిల్లు పూర్తిగా కట్టకపోతే వడ్డీ లేని గడువే పోతుంది. కొన్న రోజు నుంచి, మొత్తం 2 లక్షల 20 వేల మీద, మీరు కట్టిన రోజు దాకా లెక్కేస్తారు. నెలకు మూడు, మూడున్నర శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ. మీకొచ్చే పాయింట్లు దీని ముందు ఏపాటి? చాలా ఏళ్ల క్రితం నేనూ ఐదుగురి గోవా ట్రిప్‌ను నా కార్డు మీద మోశాను. ఆఖరి 9 వేలు రావడానికి ఏడు నెలలు పట్టింది. మనిషి చెడ్డవాడేం కాదు. అడగడానికి నాకే మొహమాటం.

దీనికి వీసా తోడవుతుంది. నలుగురూ ఒకేసారి దరఖాస్తు పెట్టినా ఎవరి వీసా వారిదే. ఒకరికి తిరస్కరిస్తే ఆమె టికెట్ నష్టం ఎవరిది? మీ కార్డు మీద ఉంటే, మాటల్లో ఏం అనుకున్నా, ముందు మీదే. దరఖాస్తుకు విమానం రిజర్వేషన్ చూపిస్తే సరిపోతుంది. వీసా చేతికొచ్చాక ఎవరి టికెట్ వారు కొనుక్కోండి. గదులు ఉచితంగా రద్దయ్యేవి మాత్రమే, ఇద్దరిద్దరు చొప్పున. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు, జూన్, జూలైలలో పెట్టేయండి. ఇన్సూరెన్స్ కనీసం 30 వేల యూరోలకు ఉండాలి. ఇంకో సంగతి, వీసా వాళ్లు బ్యాంకు స్టేట్‌మెంట్ చూస్తారు. దరఖాస్తుకు ముందు వారం హఠాత్తుగా పడిన లక్షా 60 వేల చీటీ డబ్బు కంటే, నెలనెలా కట్టిన ఆర్‌డీ మీ గురించి మంచిగా మాట్లాడుతుంది.

ప్యాకేజీ కొందామని ఎవరైనా అంటే, విదేశీ టూర్ ప్యాకేజీ మీద మొదటి రూపాయి నుంచే టీసీఎస్ (అమ్మేవారే ముందుగా పట్టుకునే ఆదాయ పన్ను) వసూలు చేస్తారు. రిటర్న్‌లో సర్దుబాటవుతుంది కానీ అప్పటిదాకా ఇరుక్కుంటుంది. విడివిడిగా బుక్ చేసుకుంటే ఆ తలనొప్పి లేదు.

అక్కడికి వెళ్లాక కార్డు మెషీన్ ‘రూపాయల్లోనా, యూరోల్లోనా’ అని అడుగుతుంది. ఎప్పుడూ యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్ల రేటు మీ నెత్తిన పడుతుంది. ఫారెక్స్ మార్కప్, అంటే విదేశీ ఖర్చు మీద బ్యాంకు అదనంగా వేసే చార్జీ, తక్కువున్న కార్డు ఒకటి చాలు. దీవిలో నాలుగు చక్రాల క్వాడ్ బైకులు అద్దెకిస్తారు, ఫొటోలకు బాగుంటాయి. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ లేకుండా నడిపి పడితే ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ తిరగ్గొట్టొచ్చు. బస్సుంది కదా. గాలి ఎక్కువైతే ఓడలు ఆపేస్తారు, అందుకే తిరుగు విమానం రోజునే దీవి నుంచి బయల్దేరకండి. ఏథెన్స్‌లో ఆఖరి రాత్రి ఉంచింది అందుకే.

అక్కడ రోజువారీ ఖర్చును మాత్రం సమానంగా పంచుకోకండి. గదీ, ఓడా సమానం. తిండి, తాగుడు ఎవరిది వారిది. మీ నలుగురి జీతాలు ఒకటి కాకపోవచ్చు, తక్కువ జీతం ఉన్నవారే నోరు తెరవరు.

మీ గ్రూపులో ఇలా పెట్టండి: ‘సెప్టెంబర్ ఆఖరు, నక్సోస్, మనిషికి లక్షా 45 వేలు. ఎవరి టికెట్ వారిదే. నా వల్ల అయ్యేది ఇంతే.’ అమ్మగారికి ఆర్‌డీ చూపించి, చీటీ కదల్చలేదని చెప్పండి. మే టికెట్లు ఎవరో కొనేయకముందే, ఈ రాత్రికే పెట్టండి.