ఆల్ప్స్‌కీ మన నల్లమలకీ ఎత్తు ఒక్కటేనా తేడా?

ఎత్తు తేడా పెద్దదే, నల్లమల వెయ్యి మీటర్ల లోపు, అక్కడ యుంగ్‌ఫ్రావ్ శిఖరం 4,158. కానీ అదొక్కటే కాదు.

మాది జమ్మలమడుగు. గండికోట చూసి చూసి లోయంటే అట్లాగే ఉంటుందనుకునేవాణ్ణి. ఆఫీసు పని మీద స్విట్జర్లాండ్‌లో కొన్నాళ్లున్నప్పుడు ఆల్ప్స్ నడుమ లౌటర్‌బ్రున్నెన్ అనే ఊళ్లో రైలు దిగా. రెండు పక్కలా నిట్టనిలువు సున్నపురాతి గోడలు. గండికోటలో అయితే గోడల నడుమ చోటంతా పెన్నదే. ఇక్కడ నేల వరిమడి చదును చేసినట్టుంది, దాని మీద ఇళ్లు, చర్చి, పచ్చిక, ఓ పక్కగా చిన్న ఏరు. ఇంత ఏరు ఇంత వెడల్పు లోయ ఎట్లా కోసిందబ్బా అనుకున్నా.

కోసింది ఏరు కాదు, మంచు. నది ముఖ్యంగా అడుగును కోస్తుంది. హిమానీనదం, అంటే మెల్లగా జారే మంచు నది, లోయ నిండా పేరుకుని, కింద ఇరుక్కున్న రాళ్లతో అడుగునూ పక్కలనూ కలిపి గీరుకుంటూ జారుతుంది, అందుకే అది కరిగాక లోయ ఇంగ్లిష్ యూ అక్షరంలా మిగులుతుంది. పక్కల నుంచి వచ్చి కలిసిన చిన్న హిమానీనదాలు అంత లోతు తవ్వలేకపోయాయి, వాటి లోయలు పైనే వేలాడుతూ ఉండిపోయాయి, ఇప్పుడు ఆ నీళ్లు అంచు మీద నుంచి దూకుతాయి. ష్టావ్‌బాఖ్ జలపాతం దాదాపు 300 మీటర్లు, గాలి వీస్తే సగం నీళ్లు కిందికి చేరకముందే తుంపరైపోతాయి.

ఇంకోటి వయసు. నల్లమల రాళ్లు వంద కోట్ల ఏళ్లు దాటినవి, అరిగి అరిగి కుదురుకున్నాయి. ఆల్ప్స్ అయితే ఆఫ్రికా వైపు ఫలకం, అంటే భూమి పైపొర ముక్క, యూరప్‌ను నెడితే కొన్ని కోట్ల ఏళ్ల కింద లేచినవి, అందుకే ఆ మొనలు.

సుమారు 2,000 మీటర్లు దాటితే చెట్లు ఆగిపోతాయి, పైన గడ్డి, ఆపైన రాయి, మంచు. ఆ గడ్డి బయళ్లనే అక్కడివాళ్లు ఆల్ప్ అంటారు, మనవాళ్లు మందలు నల్లమలకి తోలినట్టు ఎండాకాలం ఆవుల్ని పైకి తోలుతారు.

వెళ్తే చలికోటుతో పాటు నల్లద్దాలు, సన్‌స్క్రీన్ కూడా పెట్టుకోండి. ఐగర్ కొండను తొలిచి వేసిన రైల్లో 3,454 మీటర్ల స్టేషన్‌కి పోయి, కడపోడికి ఎండ లెక్కా అని మంచు మీద రెండు గంటలు తిరిగా. పైనుంచి పడేది చాలక మంచు మీద నుంచి తిరిగి కొట్టేదొకటి ఉంటుందని తట్టలేదు. రాత్రికి ముక్కు ఎర్రగా కమిలిపోయింది, వీడియో కాల్‌లో మా అమ్మ "మంచులో ఎండదెబ్బ ఏందిరా" అని ఒకటే నవ్వు.